మద్రాసులో 1950ల నాటి బడి, 112 ఇనుప కిటికీలు: పీకించే ముందు చూడాల్సినవి

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. మైలాపూరు వైపు, సముద్రానికి కిలోమీటరున్నర దూరంలో, 1950ల చివర కట్టిన మూడంతస్తుల బడి. సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) వారసత్వ జాబితాలో ఉంది. కిటికీలు 112, అన్నీ ఇనుపవే. చాలావరకు నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు, రెండేసి రెక్కలు, రెక్కకు నాలుగు అద్దాలు. రెక్కలు సరిగా పడటం లేదు, కార్తీక మాసపు వానలకు క్లాసులోకి నీళ్లొస్తున్నాయి, రెండు రెక్కలైతే ఒక్క బందు మీద వేలాడుతున్నాయి. కరస్పాండెంట్ గారు అన్నీ పీకించి తెల్ల యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) స్లైడింగ్ కిటికీలు పెట్టిద్దామని కొటేషన్ తెప్పించారు. అలా చేయొచ్చా, చేయకూడదంటే ఏం చేయాలి అని మీరడిగారు.

యూపీవీసీకి అనుమతి దొరకడం కష్టం. దొరికినా ఆ భవనానికి అది నప్పదు. అలాగని 112 కిటికీలనూ ఉన్నవి ఉన్నట్టే కాపాడాలని కూడా నేననను. కొన్ని బాగుచేయలేనంతగా పోయి ఉంటాయి. ఏవి పోయాయో, ఏవి పోలేదో ఒక్కొక్కటిగా తేల్చకుండా కొటేషన్ అడగడమే ఇక్కడ జరిగిన తప్పు.

ఆ కిటికీలు రేకు వంచి చేసినవి కావు. ఇనుము ఎర్రగా కాలి ఉన్నప్పుడు రోలర్ల మధ్య నుంచి లాగిన గట్టి సెక్షన్లు, అడ్డంగా కోస్తే జెడ్ అక్షరంలా కనిపిస్తాయి. మన ప్రమాణం ఐఎస్ 1038లో వీటి పేర్లు ఎఫ్7డి, ఎఫ్4బి, అద్దాల మధ్య పట్టీకి టి6. ఆ జెడ్ ఆకారానికి పని ఉంది. రెక్క మూసినప్పుడు చట్రాన్ని రెండు గీతల మీద తాకుతుంది, బయట ఒకటి, లోపల ఒకటి. మధ్యలో చిన్న ఖాళీ. గాలివాన బయటి గీత దాటి వచ్చినా ఆ ఖాళీలో దాని ఊపు పోయి, నీరు కిందికి జారి బయటికే పోతుంది. రబ్బరు, బీడింగు లేకుండానే ఇన్నేళ్లు వాన ఆగింది అందుకే. ఆ రెండు గీతల మీద పది పొరల పెయింటు పేరుకుంటే రెక్క ఎక్కడో ఒకచోట మాత్రమే తాకుతుంది. దాన్ని మూయడానికి పిల్లలు బలంగా గుంజుతారు, రెక్క మెలితిరుగుతుంది, గడియ విరుగుతుంది. మీరు చెప్పిన "సరిగా పడటం లేదు" చాలావరకు ఇదే అయి ఉంటుంది. అది తుప్పు జబ్బు కాదు, పెయింటు జబ్బు.

వెలుతురు లెక్క కూడా వేయండి, అనుమతిచ్చే వారసత్వ కమిటీ ముందు పనికొస్తుంది. నాలుగు బై ఐదు అడుగులంటే 1220 × 1525 మి.మీ., 1.86 చదరపు మీటర్లు. పాత ఇనుప కిటికీలో చుట్టూ చట్రం, రెక్క కలిపి సుమారు 45 మి.మీ., మధ్యలో రెండు రెక్కలు కలిసే చోట 70, అడ్డ పట్టీలు మూడు, ఒక్కోటి 20. అద్దానికి మిగిలేది 1060 × 1375, అంటే 78 శాతం. మామూలు రెండు పట్టాల యూపీవీసీలో చుట్టూ 110, మధ్యలో 60 పోతే అద్దం 940 × 1305, 66 శాతం. గాలి సంగతి ఇంకా అన్యాయం. రెక్క కిటికీ దాదాపు పూర్తిగా తెరుచుకుంటుంది, స్లైడింగ్ సగం కూడా తెరుచుకోదు. నలభై మంది పిల్లలు, ఫ్యాన్లు మాత్రమే ఉన్న గదిలో, మద్రాసు ఏప్రిల్‌లో, ఆ సగం గాలి పోతే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. బయటి నుంచి చూసేవాళ్లకు ఆ సన్నటి గీతలే ఆ కాలపు భవనం ముఖం. లావు తెల్ల చట్రాలు పెడితే గోడలు అవే ఉన్నా బడి వేరేదైపోతుంది.

ఇక తుప్పు. వయసుతో తుప్పు వచ్చిందనుకోకండి. ఒక్కో కిటికీ దగ్గర కూర్చుని కింది ఆరంగుళాలు చూడండి. పైభాగం చాలావరకు గట్టిగానే ఉంటుంది, తిన్నదంతా కిందే. దానికి కారణం సాధారణంగా ఇది: కట్టినప్పుడు కిటికీ కింద సిల్, అంటే అడుగు గట్టు, బయటికి వాలుగా ఉండేది, చట్రం అడుగు దానికంటే పైన ఉండేది. తర్వాత ఎప్పుడో మళ్లీ పూత పూసినప్పుడు మేస్త్రి సిమెంటును చట్రం అంచు దాకా, కొన్నిచోట్ల చట్రం మీదికి కూడా తెచ్చేశాడు. నీరు జారే దారి మూసుకుపోయింది. పైన సన్‌షేడ్ అడుగున నీటి బొట్టు తెగిపడడానికి ఉండే గాడినీ పూతతో పూడ్చేసి ఉంటారు, దాంతో సన్‌షేడ్ మీది నీళ్లు గోడ వెంటే కిటికీ మీదికి వస్తాయి. ఈ రెండూ సరిచేయకుండా కొత్త కిటికీ పెట్టినా, బంగారపు కిటికీ పెట్టినా, నీళ్లు లోపలికి వస్తూనే ఉంటాయి. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. గోడలో పాతిన బిగింపు పట్టీలు తుప్పుపడితే పక్క గోడ అంచును పగలగొడతాయి. చట్రం పక్కన నిలువు పగులు కనిపించినా, సుత్తితో తడితే బోలు శబ్దం వచ్చినా ఆ కిటికీని విడిగా రాసుకోవాలి.

సర్వే ఇలా చేయించండి. ప్రతి కిటికీకీ అంతస్తు, దిక్కు, ఆ వైపు ఎన్నోదో కలిపి ఒక నంబరు. లోపల ఒక ఫొటో, బయట ఒక ఫొటో. సన్నటి స్క్రూడ్రైవరుతో కింది పట్టీ, రెండు కింది మూలలు, బందుల దగ్గర పొడవాలి. దిగకపోతే పైతుప్పే. ఇలా నాలుగు వరసలు తేలతాయి: మొదటిది, పెయింటు గీకి సరిచేస్తే చాలేవి; రెండోది, బందులు, గడియలు కూడా మార్చాల్సినవి; మూడోది, కింది ముక్క కోసి కొత్త సెక్షన్ అతకాల్సినవి; నాలుగోది, చట్రమే పోయి, గోడ నుంచి తీయాల్సినవి. సముద్రం వైపు, అంటే తూర్పు ముఖం మీద నాలుగో వరస ఎక్కువ ఉండొచ్చు. పడమట వరండా లోపలివి చాలావరకు మొదటి వరసలో తేలతాయి. వేలాడుతున్న ఆ రెండు రెక్కల కోసం సర్వే దాకా ఆగకండి. ఈ రోజే దింపి, నంబరు రాసి, లోపల భద్రంగా పెట్టి, ఆ ఖాళీకి ప్లైవుడ్ బిగించండి. పాత రెక్కను పాత సామానువాడికి మాత్రం ఇవ్వకండి. తర్వాత ముక్కలకు, కొలతలకు అదే ఆధారం.

అనుమతి గురించి. మద్రాసు హైకోర్టు 2010 తీర్పు తర్వాత జస్టిస్ పద్మనాభన్ కమిటీ జాబితాలోని భవనాల విషయం సీఎండీఏలోని హెరిటేజ్ కన్సర్వేషన్ కమిటీ చూస్తూ వచ్చింది. ఇప్పుడు ఎవరు చూస్తున్నారో సీఎండీఏలో ముందు అడగండి. మీ బడి ఆ జాబితాలో ఉంది కనుక బయటి రూపం మారే పని ఏదైనా అనుమతికి వెళ్లాల్సిందే. దరఖాస్తుతో పాటు పెట్టాల్సిన వాటిలో ముఖ్యమైనది నిజ కొలతలో గీసిన అడ్డకోత: పాత సెక్షన్ ఒక రంగులో, పెట్టబోయేది దాని మీదే ఇంకో రంగులో. మాటలు ఎన్ని రాసినా ఆ ఒక్క బొమ్మ చూసి తేల్చుకుంటారు. దానితో నాలుగు ముఖాల బొమ్మలు, వరసల ప్రకారం రంగులు వేసినవి, కిటికీల పట్టిక, ఫొటోలు, పని ఎలా చేస్తారో ఒక రెండు పేజీలు. కన్సర్వేషన్ పని తెలిసిన ఆర్కిటెక్టును పెట్టుకోండి. ఇది కొటేషన్ ఇచ్చిన కంపెనీ తరఫు మనిషి చేసే పని కాదు.

అసలు ప్రమాదం కిటికీల్లో కంటే పెయింటులో ఉంది. ఆ రోజుల్లో ఇనుప కిటికీలకు మొదటి పూతగా సీసం ఉన్న ఎర్ర ప్రైమరు వాడేవారు. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నియమం 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందు పడిన ప్రతి పొరలోనూ సీసం ఉందనే అనుకుని పని చేయాలి. రెండు మూడు కిటికీల నుంచి అన్ని పొరలూ వచ్చేలా పెచ్చులు తీసి ప్రయోగశాలకు పంపండి. పొడి గ్రైండింగు, పొడి సాండ్‌పేపరు బడిలో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. తడిపి గీకాలి, లేదా పెయింటు ఊడదీసే ద్రావణం వాడాలి. కింద మందపాటి పాలిథిన్, పనివాళ్లకు సన్న ధూళిని ఆపే పీ100 ముసుగులు, సాయంత్రం సన్న ధూళిని పట్టేసే హెపా వాక్యూము. మామూలు చీపురుతో ఊడిస్తే ధూళి మళ్లీ గాలిలోకే లేస్తుంది. గీకిన పెచ్చులు మున్సిపాలిటీ చెత్తలో కలపకూడదు. ఈ పని పిల్లలు లేని ఏప్రిల్ చివర, మే నెలల్లోనే జరగాలి.

మరమ్మత్తు పని ఇలా నడుస్తుంది. ముందు అద్దాలు. పాత లప్పం, అంటే అద్దాన్ని పట్టి ఉంచే పుట్టీ, రాయిలా గట్టిపడి ఉంటుంది, ఉలితో కొడితే అద్దం పోతుంది. ఇన్‌ఫ్రారెడ్ దీపంతో వేడి చేసి మెత్తబడ్డాక గీకితే పెద్దవి కూడా బయటపడతాయి. ఆనాటి అద్దానికి సన్నటి అలలు ఉంటాయి, సాయంత్రపు వెలుగులో వీధి నుంచి కనిపిస్తాయి. దొరికినవన్నీ వీధి వైపు కిటికీలకు వాడండి, కొత్తవి వెనక వైపుకి. తీసినవాటిని నిలువుగా, మధ్యలో కాగితం పెట్టి దాచాలి. ఆ తర్వాత బందుల్లో తుప్పు వదిలించే నూనె పోసి ఒక రోజు ఉంచి, పిన్నులు తట్టి రెక్కలు దింపడం. చట్రాలు మాత్రం నాలుగో వరసవి తప్ప గోడలోనే ఉండనివ్వండి. అనవసరంగా తీస్తే గోడ అంచు పోతుంది, చట్రం మూల తప్పుతుంది.

రెక్కలను వర్క్‌షాపుకు పంపే ముందు మంచినీళ్లతో కడగాలి, ఉప్పు పోవడానికి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. సముద్రం దగ్గర బోరు నీళ్లే ఉప్పన. బోరు నీళ్లతో కడిగి, ఆరాక ఖరీదైన పెయింటు వేస్తే ఆ ఉప్పు పెయింటు కింద ఉండిపోయి తేమను లాక్కుంటుంది, ఏడాది తిరక్కుండా బొబ్బలు. మెట్రో వాటర్ (నగర సరఫరా నీళ్లు) లేదా ఆర్ఓ నీళ్లు వాడమని రాతపూర్వకంగా పెట్టండి. తర్వాత గార్నెట్ గ్రిట్‌తో (గట్టి రాతి రవ్వ), తక్కువ ఒత్తిడిలో, ఎస్ఏ 2½ వరకు, అంటే దాదాపు శుభ్రమైన ఇనుము కనిపించేదాకా, బ్లాస్టింగు: గాలి ఒత్తిడితో రవ్వ కొట్టి తుప్పు, పెయింటు వదిలించడం. మామూలు ఇసుక వద్దు, ఆ ధూళితో పనివాళ్ల ఊపిరితిత్తులు పోతాయి.

తుప్పు తిన్న కింది ముక్కను గట్టి ఇనుము వచ్చేదాకా కోసి, అదే ఆకారపు వేడి రోలింగు సెక్షన్ అతకాలి. వెల్డింగు మిగ్ లేదా టిగ్ పద్ధతిలో (వాయువు రక్షణలో చేసే వెల్డింగు), చిన్న చిన్న కుట్లుగా. లావు రాడ్‌తో ఒకే ఊపులో వెల్డ్ చేస్తే వేడికి పట్టీ వంకరపోతుంది, ఆ రెక్క ఇక జన్మలో సరిగా పడదు. అతుకును రెండు వైపులా సాపు చేసి, బల్ల మీద రెండు మూలల కర్ణాలు కొలవాలి. తేడా 2 మి.మీ. మించితే పెయింటుకు పంపకూడదు.

పెయింటు: జింక్ రిచ్ (జింకు పొడి ఎక్కువగా ఉన్న) ఎపాక్సీ ప్రైమరు 60 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), బ్లాస్టింగు అయిన నాలుగు గంటల్లోపే, మీద ఎంఐఓ (పొలుసుల్లాంటి ఇనుప ఆక్సైడు కలిసిన) ఎపాక్సీ 120, ఆపైన పాలీయూరిథేన్ 60. మొత్తం 240 మైక్రాన్లు, మీటరుతో కొలిచి రాయించుకోండి. పాలీయూరిథేన్ ఎందుకంటే ఎపాక్సీ ఎండకు సుద్దలా పొడి రాలుతుంది. గోడలో ఉండిపోయిన చట్రాలకు ఇదే పద్ధతి పనికిరాదు. అక్కడ బ్లాస్టింగు కుదరదు, చేతి పనిముట్లతో శుభ్రం చేసిన ఇనుము మీద జింక్ రిచ్ పని చేయదు, జింకు నేరుగా ఇనుమును తాకితేనే దానికి కాపాడే గుణం. వాటికి సర్ఫేస్ టాలరెంట్ ఎపాక్సీ మాస్టిక్, అంటే చేత్తో శుభ్రం చేసిన ఇనుముకూ పట్టే మందపాటి పూత, వేయాలి. రెడాక్సైడ్ ఒక పూత, ఎనామెల్ రెండు పూతలు అన్న మామూలు పద్ధతి ఈ ఊరి ఉప్పుగాలికి చాలదు. గాలిలో తేమ 85 శాతం దాటినా, ఇనుము వేడి మంచు బిందువు (గాలిలో తేమ నీటి బొట్లుగా మారే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ లేకున్నా బ్రష్ ముట్టకూడదు. మే నెల కత్తిరి ఎండల్లో దీనికి తిరగబడిన సమస్య. ఎండ తగిలే ఇనుము మీద చేయి పెట్టలేం, పూత బుడగలెత్తుతుంది. పొద్దున్నే నీడ ఉన్న ముఖం మీద పని చేయించండి. రంగు కోసం ఎవరికీ కనపడని మూలలో పొరలు ఒక్కొక్కటే గీకి అడుగుది చూడండి, దాన్ని ఐఎస్ 5 రంగుల పట్టికతో పోల్చి ఆ నంబరు దరఖాస్తులో రాయండి.

అద్దాలు మళ్లీ పెట్టేటప్పుడు ఒక చిక్కు ఉంది. అవిసె నూనె లప్పాన్ని జింకు మీద నేరుగా పెడితే నూనె సబ్బులా మారి లప్పం ఊడివస్తుంది. అందుకే లప్పం పట్టే గాడిలో కూడా ఎపాక్సీ మధ్య పూత తప్పనిసరి. లప్పం మీద పాలీయూరిథేన్ వేసినా ముడతలు పడుతుంది. కాబట్టి పాలీయూరిథేన్ దాకా పూర్తిచేసి, తర్వాత అద్దం పెట్టి, లప్పం గీత మీద మాత్రం అదే రంగు ఎనామెల్ వేయాలి. అద్దాన్ని గాడి కంటే నాలుగు వైపులా 2 మి.మీ. తక్కువ కోయాలి. వెనక పలుచగా లప్పం పరిచి, అద్దం నొక్కి, స్ప్రింగు క్లిప్పులు పెట్టి, ముందు వాలుగా లప్పం. పైన పొర కట్టడానికి రెండు వారాలు ఆగి పెయింటు వేసి, ఆ పెయింటు అద్దం మీదికి 2 మి.మీ. వచ్చేలా చూడాలి. ఆ రెండు మి.మీ. లేకపోతే నీరు అద్దానికీ లప్పానికీ మధ్య దిగుతుంది. పెయింటు గీత తిన్నగా రావాలని బ్లేడుతో గీకి శుభ్రం చేసే పనివాడిని ఆపండి. లప్పం కాకుండా వాసన ఘాటుగా వచ్చే చవక సిలికాన్ పెడతామంటే వద్దనండి. అది ఆరేటప్పుడు వదిలే ఎసిటిక్ ఆమ్లం ఇనుమును తింటుంది, పైగా సిలికాన్ మీద ఏ పెయింటూ నిలవదు.

బడి కనుక భద్రతా అద్దం అడుగుతారు, అడగాలి కూడా. 6.38 మి.మీ. లామినేటెడ్ (రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నది) పెడితే గాడిలో లప్పానికి చోటు తగ్గుతుంది. బరువు సమస్య కూడా ఉంది: పాత 3 మి.మీ. అద్దం చదరపు మీటరుకు ఏడున్నర కిలోలు, ఇది పదిహేను పైనే. ఒక్కో రెక్క మీద అయిదు కిలోలు కాస్తా పదకొండు అవుతాయి, పాత బందులు మోయవు. పిల్లల నడుము ఎత్తు లోపు అద్దాలకే లామినేటెడ్ పెట్టి, బందులు కొత్తవి వేసి, పైవాటికి పాత అద్దమే ఉంచి లోపలి వైపు సేఫ్టీ ఫిల్మ్ అంటించడం మంచిది. వరండా వైపు రెక్కలు బయటికి తెరుచుకుంటే మూల నేరుగా నడిచే పిల్లల తలకు తగులుతుంది. పెగ్ స్టేను, అంటే రెక్కను తెరిచి నిలిపే రంధ్రాల పట్టీని, మొదటి రంధ్రం దగ్గరే ఆగేలా మార్చండి.

ఇత్తడి గడియలు, స్టేలు చాలావరకు మళ్లీ పని చేస్తాయి, వాటి మీది పెయింటు తీస్తే చాలు. పోయినవాటికి ఒక మంచి పాతదాన్ని నమూనాగా ఇచ్చి ఇసుక అచ్చులో పోత పోయించవచ్చు. మద్రాసు ప్యారీస్ కార్నర్‌లో సెంబుదాస్ వీధి చుట్టూ ముందు వెతకండి, సరిపడేవి దొరికినా దొరకొచ్చు. బిగించాక పరీక్ష సులువు: సన్న కాగితం ముక్క పెట్టి రెక్క మూసి లాగండి. చుట్టూ ఎనిమిది చోట్ల కాగితం పట్టినట్టుండాలి. జారిపోయే చోట రెక్కను బల్ల మీద సవరించాలి, గడియ బిగించి సరిపెట్టకూడదు.

నాలుగో వరస కిటికీలకు కొత్తవి తప్పవు. ఇక్కడ మోసం జరిగేది సెక్షన్ దగ్గర. గ్రిల్ షాపులు చదరపు పైపుతోనో, యాంగిల్‌కు పట్టీ అతికో "అదే డిజైను సార్" అంటాయి. పైపు లోపలి నుంచి తుప్పుపడుతుంది, బయటికి కనిపించేసరికి అయిపోతుంది. యాంగిల్ రకానికి ఆ రెండు గీతల ఆనిక ఉండదు, వాన నేరుగా లోపలికే. వేడి రోలింగు సెక్షనే అని ఆర్డరులో రాసి, ముక్క కోసి చూపించమనండి. కొలతలూ జాగ్రత్త. మీ భవనం అడుగులు, అంగుళాల్లో కట్టింది. ఇప్పటి ప్రామాణిక కిటికీ 1200 × 1500 వస్తుంది. 20, 25 మి.మీ. సందును సిమెంటుతో నింపి సరిపెడతారు, బయటి నుంచి చట్రం చుట్టూ బొద్దు గీత కనిపిస్తుంది. ప్రతి ఖాళీని మూడు చోట్ల కొలిచి, చిన్న కొలతకు తగ్గట్టు చేయించాలి. కొత్తవి మొత్తం హాట్ డిప్ గాల్వనైజ్ చేయించి (కరిగిన జింకులో ముంచి), దాని మీద ఎపాక్సీ, ఆపైన పాలీయూరిథేన్ వేయించండి. వాటికి పాత రెక్కల కంటే తక్కువ బాధ.

ఏసీ ఉన్న కంప్యూటరు గదికి వేరే దారి: పాత కిటికీని ముట్టకుండా లోపలి గోడ అంచున సన్నటి అల్యూమినియం చట్రంతో రెండో అద్దం, అవసరమైతే తీసేసేలా. అల్యూమినియం, పాత ఇనుము ఒకదాన్నొకటి తాకకుండా మధ్యలో నైలాన్ పట్టీ ఉండాలి. ఉప్పుగాలిలో ఆ రెండూ కలిస్తే పాడవడం త్వరగా మొదలవుతుంది.

కొటేషన్ చదరపు అడుగు లెక్కన తీసుకోకండి. వరసల వారీగా, కిటికీకి ఇంత అని, వెల్డింగు అడుగుకు ఇంత అని విడిగా అడగండి. లేకపోతే మొదటి వరస కిటికీకి కూడా నాలుగో వరస డబ్బు కడతారు. ముందు ప్రతి వరస నుంచి ఒక్కటి, మొత్తం నాలుగు కిటికీలు పూర్తిచేయించి, కమిటీకీ కరస్పాండెంట్ గారికీ చూపించి, ఆ తర్వాతే మిగతావి. 112 కిటికీలు ఒక వేసవిలో అవుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. తూర్పు ముఖం ఈ వేసవి, మిగతావి వచ్చే వేసవి అని వేసుకోండి. మధ్యలో వచ్చే అక్టోబరు, నవంబరు వానలకు తూర్పువైపు ఎలా నిలిచిందో చూసి రెండో విడత పద్ధతి సవరించుకోవచ్చు. సిల్ వాలు, సన్‌షేడ్ గాడి పని మాత్రం నాలుగు ముఖాలకూ ఈ ఏడే చేయించండి. దానికి ఒక మేస్త్రి, ఇద్దరు కూలీలు చాలు, కిటికీల కోసం ఆగక్కర్లేదు.